బాట మారిన బేరము: అంతర్జాల విపణియందు వర్తకుని మాట

గుండుగొలనువద్ద జాతీయ రహదారి రెండుగా చీలుచున్నది. పాత బాట తాడేపల్లిగూడెము, తణుకు, రావులపాలెముల మీదుగా రాజమహేంద్రవరమునకు పోవును. క్రొత్త బాట ఆ పట్టణములను తప్పించుకొని, దేవరపల్లి మీదుగా సుమారు 70 కిలోమీటర్లు నడచి కొవ్వూరు చేరును. విజయవాడనుండి విశాఖపట్టణమునకు తొందరగా చేరవలసిన లారీయు, మోటారుకారును నేడు ఏ బాట పట్టునో వేరుగా చెప్పనక్కరలేదు. పాత బాట ప్రక్కను అంగడి పెట్టుకొన్నవాడు ఏ తప్పును చేయలేదు. అతని సరకు చెడలేదు, తూనిక తగ్గలేదు, ధర పెరుగలేదు. ఐనను దూరప్రయాణపు బండి అతని గుమ్మముముందు ఆగుటకు కారణము లేకపోయినది. బాట మారినపుడు బేరము మారును. బేరగాండ్రను నిందించి కూర్చుండినందున పోయిన బేరము తిరిగిరాదు.

ఈ మార్పు కంటికి కనబడునది. కంటికి కనబడని మార్పు మరియొకటి మన గోదావరీ మండలములలో జరిగిపోయినది. ఏలూరున పెండ్లిచీర కొనదలచిన గృహిణియు, తాడేపల్లిగూడెమున పప్పుధాన్యము ధర తెలిసికొనదలచిన చిల్లర వర్తకుడును, ఆకివీడున రొయ్య మేత కావలసిన చెరువు కౌలుదారును, హైదరాబాదున ఉద్యోగము చేయుచు ఆత్రేయపురపు పూతరేకులకై మనసుపడు యువకుడును, వీరందరును ఇల్లు కదలకముందే అరచేతిలోని టెలిఫోనును ప్రశ్నించుచున్నారు. అందు కనబడిన అంగడికి పోవుదురు. కనబడని అంగడి యెదురింట ఉన్నను లేనట్లే. కావున అంతర్జాలము పట్టణపు కుర్రవాండ్ర వేడుకయని యిక నెవరును తలంపరాదు. ధాన్యపు మిల్లు గలవారికిని, కోళ్లఫారము గలవారికిని, చేపల చెరువులను కౌలున కిచ్చిన భూస్వాములకును ఇది యిప్పుడు ఇంటిసమస్య.

అయితే ఈ బాట రెండువైపులను నడచునది. మన సరకును గూర్చిన మంచిమాట యెంత వేగముగ పోవునో చెడ్డమాటయు అంత వేగముగ పోవును. తరచుగా మరింత వేగముగను పోవును. సంతలో కొనువాడు సరకును చేతితో పట్టి, వాసన చూచి, తూకము చూచి కొనును. అంతర్జాలమున ఆ వీలు లేదు. అచట సరకుకంటె ముందుగా మాట అమ్ముడుపోవును. ఆ మాటను సంపాదించుట యెట్లు, సంపాదించిన మాటను కాపాడుకొనుట యెట్లు అను రెండు ప్రశ్నలను మన వర్తకులు కలిపి ఆలోచింపవలెను. మొదటిదానిని నేర్పువారు వీధివీధిని కలరు. రెండవదానిని గూర్చి యెవరును తలపోయుట లేదు.

ప్రకటనమనిన మనవారిలో కొందరికి ఈసడింపు కలదు. మంచి సరకునకు చాటింపు ఏలయని వారి వాదము. ఆంధ్రుల వ్యాపార చరిత్రమే దీనికి సమాధానము చెప్పుచున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును నెలకొల్పినపుడు దాని పేరు విన్నవారు లేరు. పంతులుగారు సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి ప్రజలకు పరిచయము చేసిరి. ఆ వ్యాపారము తెచ్చిన బలముననే 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసునుండి దినపత్రిక యయ్యెను. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. ఉచితముగ పంచిన వస్తువు పనిచేయకపోయినచో పంచినకొలది అపకీర్తియే పెరిగియుండెడిది. చాటింపు సరకునకు సత్తువ నీయజాలదు. సరకునందున్న సత్తువను గాని లోపమును గాని పదిమందికి తెలియజేయును. ఇది నాటి లేపనమునకును నేటి చలనచిత్రములకును సమానమే.

లాభమునకు దారులు

ఇక సాధనముల సంగతి. వీనిలో మొదటిదియు, సులభమైనదియు చిరునామా. గూగులు పటమున తన అంగడిని యజమాని తన పేర నమోదు చేసికొనుటకు రుసుము లేదు. అంగడి పేరు, తెరచు వేళలు, సెలవుదినములు, టెలిఫోను అంకె, నాలుగు మంచి ఛాయాచిత్రములు ఉన్న చాలును. దీనిని ఉపేక్షించినవారికి ఒక ప్రమాదము కలదు. ఆ పటమున మార్పులు సూచించుటకు అన్యులకును వీలున్నది. యజమాని కన్ను వేయనిచోట పాత అంకెయో, తప్పు వేళయో, ‘శాశ్వతముగ మూసివేయబడినది’ అను మాటయో చేరి నిలిచిపోవచ్చును. తెలుగునను ఇంగ్లీషునను పేరు వ్రాయుట మేలు. మన ఊళ్ల పేర్లను వెదకువారు తలకొక తీరున వ్రాయుదురు.

రెండవది వాట్సాపు. వర్తకులకొరకు ప్రత్యేకించిన రూపము 2018లో వచ్చినది. అందు సరకుల పట్టికను ధరలతో ఉంచవచ్చును. రాత్రివేళ వచ్చిన ప్రశ్నకు ఉదయము సమాధానమిత్తుమని తనంతట తెలుపు ఏర్పాటును చేసికొనవచ్చును. దానిలోని ప్రసారపు పట్టిక ద్వారా ఒక్కసారి 256 మందికి వార్త పంపవచ్చును గాని, మన అంకెను తమ టెలిఫోనున వ్రాసికొన్నవారికే అది చేరును. ఈ నిబంధనను కొందరు ఆటంకముగ భావింతురు. మా మతమున ఇది వర్తకునకు మేలే. తన అంకెను వ్రాసికొనుటకు ఇష్టపడనివానిని వెంబడించి వార్తలు పంపుట, భోజనవేళ వాకిట నిలిచి కేకలు వేయుటతో సమానము. ఊరివారిని, బంధువులను, బడిపిల్లల తలిదండ్రులను అడుగకయే ఒక సమూహమున చేర్చి వలిసెపల్లి బియ్యమని, భీమవరపు రొయ్యలని ప్రతిదినమును పంపువాడు బేరము సంపాదింపడు, విసుగును సంపాదించును.

మూడవది ధనమిచ్చి వేయించు ప్రకటన. ఫేస్‌బుక్కునందును ఇన్‌స్టాగ్రామునందును ఏ పట్టణమునకు ఎన్ని కిలోమీటర్ల మేర, ఏ వయసువారికి, ఏ భాషవారికి ప్రకటన కనబడవలెనో యజమానియే నిర్ణయింపవచ్చును. దినమునకు కొద్దిపాటి సొమ్ముతోనే ఆరంభింపవచ్చును. ఏలూరున మంగలిదుకాణము గలవానికి కాకినాడవారు చూచినందున ఫలమేమి? ఏలూరు తివాచీలు నేయించువానికి మాత్రము ఊరివారికంటె దూరమున నున్నవారే ముఖ్యము. ఈ తివాచీలు పూర్వమే సముద్రములు దాటి విదేశములకు పోయినవి. నేడు మగ్గముమీద ముడివెంట ముడి పడుచుండగా తీసిన ఒక నిమిషపు చలనచిత్రము, వెల యెందుకంత యని అడుగువానికి పది వాదములకంటె బాగుగ సమాధానము చెప్పును. సరకు తయారగు తీరును చూపుటకంటె గొప్ప ప్రకటన లేదు.

ఇచట సత్యమును గూర్చి ఒక మాట. కొల్లేరు 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో చేరినది. ఆ పేరునకు దేశమున గౌరవము కలదు. ఆ గౌరవమును చూచి, మేతవేసి చెరువులలో పెంచిన శీలావతిని బొచ్చెను ‘సరస్సున సహజముగ పెరిగిన కొల్లేటి చేప’ యని చాటుటకు కొందరికి నోరూరవచ్చును. అట్టి యబద్ధము అక్కరకును రాదు, నిలువనునేరదు. చెరువుచేప తక్కువ వస్తువు కాదు. ఏ ఊరి చెరువున పెంచినది, ఏ వేళ పట్టినది, ఎంత మంచుతో పెట్టె కట్టినది చెప్పిన చాలును. ‘భీమడోలు చెరువు చేప, ఈ తెల్లవారుజామున పట్టినది’ యనుట యథార్థము. ఆ యథార్థమే రుచికరమైన ప్రకటన.

ఖర్చు పెట్టిన పిమ్మట లెక్క చూడవలెను. ఎందరు చూచిరి, ఎందరు మెచ్చిరి అను అంకెలు అహంకారమునకు పనికివచ్చును గాని ఆవర్జాకు పనికిరావు. దృష్టాంతమునకు ఒక లెక్క చెప్పుదము. ఒక వర్తకుడు 3,000 రూపాయలు ప్రకటనకు పెట్టెననుకొందము. అరువదిమంది ధర అడిగిరి, పండ్రెండుగురు కొనిరి. అనగా ఒక్కొక్క క్రొత్త ఖాతాదారునకు 250 రూపాయలు పడినవి. ఒక్క బేరమున మిగులు 100 రూపాయలైనచో మొదటి కొనుగోలున అతనికి నష్టమే. ఆ పండ్రెండుగురును మూడవసారి వచ్చినపుడే ఖర్చు గిట్టుబాటగును. కావున ప్రకటన ఫలమును నిర్ణయించునది తిరిగివచ్చు బేరము. క్రొత్తగా వచ్చిన ప్రతివానిని ‘మా సంగతి యెట్లు తెలిసినది?’ యని అడిగి పుస్తకమున వ్రాసికొన్న వర్తకునకు నెలతిరుగుసరికి ఏ దారి పండినదో, ఏ దారి ఎండినదో తెలియును.

నోటిమాట వెల

ఇంతవరకు లాభము. ఇక నష్టము తెచ్చు దారులను చూతము. వీనిలో తొలిది వర్తకుని నోరే. 2025 ఏప్రిలులో రాజమహేంద్రవరమునందలి ఒక పచ్చళ్ల వ్యాపారము తెలుగుదేశమంతట మారుమ్రోగినది. ఆ వ్యాపారము సామాజిక మాధ్యమములలోనే పెరిగినది. ధర యెక్కువగా నున్నదని వాట్సాపున వ్రాసిన ఒకనికి దుర్భాషలతో కూడిన కంఠధ్వని సమాధానముగ పోయినది. ఆ ధ్వని ఒక టెలిఫోనునుండి వేరొకదానికి ప్రాకి, పరిహాసచిత్రములై, పాటలై, ఇంటింట వినబడినది. ఆర్డర్లు తీసికొను అంకెయు, అంతర్జాలపు అంగడియు మూతపడినవి. పచ్చడి రుచిని గూర్చి ఎవరును మాటాడలేదు. ఉప్పు తగ్గినదని గాని, నూనె చెడినదని గాని ఫిర్యాదు లేదు. మాట ఒక్కటియే చెడినది. దానితో సర్వమును చెడినది.

నోరు మంచిదైన ఊరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెతకు నేడు ఊరి యెల్లలు చెరగిపోయినవి. పూర్వము అంగడిలో ఇద్దరు వాదులాడినచో పదిమంది వినెడివారు, సాయంకాలమునకు మరచెడివారు. ఇప్పుడు ప్రతి సంభాషణయు వ్రాతమూలకముగ నుండును. ఎదుటివాని చేత నకలుండును. ఏకాంతమున చెప్పితినని వర్తకుడు తలంచిన మాట బహిరంగసభలో చెప్పిన మాటయే యగుచున్నది. ధర యెక్కువయనువాడు శత్రువు కాడు. కొనదలచినవాడే ధర అడుగును. కొననివాడు అడుగను అడుగడు. ‘ఈ వెల యిందులకు, ఇది మీకు భారమైనచో చిన్న సీసా యిది’ యని రెండు పంక్తులలో ముగిసెడి సంగతికి వర్తకమే మూల్యమగుట శోచనీయము. ఆ సందర్భమున వినోదము పేర ఆడువారిని గూర్చి హేయముగ వ్రాసినవారును ఉండిరి. అది మరియొక సిగ్గుచేటు. దానిని గూడ మరువరాదు.

కావున మేము చెప్పు నియమములు స్వల్పములు. అంగడి పక్షమున సమాధానమిచ్చువాడు ఒక్కడే యుండవలెను. అతడు కోపిష్ఠి కారాదు. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట ఏ ఫిర్యాదునకును సమాధానము వ్రాయరాదు. బహిరంగముగ వచ్చిన ఫిర్యాదునకు బహిరంగముగనే, రెండు మూడు వాక్యములలో, మర్యాదగ బదులిచ్చి, వివరములను టెలిఫోనున మాటాడవలెను. తప్పు మనదైనచో సొమ్ము తిరిగి యిచ్చి, ఇచ్చితిమని అదేచోట వ్రాయవలెను. నచ్చని విమర్శను తుడిచివేసిన అది పోవదు. తుడిచిన ఛాయాచిత్రముతో రెట్టింపై తిరిగివచ్చును. పోలీసులపేరు చెప్పి నోరు మూయింతుమనుకొనువారు ఒక సంగతి తెలిసికొనవలెను. అంతర్జాలమున వ్రాసినవారిని జైలునకు పంపుటకు తరచుగ ఉపయోగింపబడిన 66ఏ సెక్షనును సుప్రీముకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. సరకు బాగులేదని కొన్నవాడు నిజాయితీతో చెప్పుట అతని హక్కు. కల్పించి చెప్పినవానిపై న్యాయస్థానము కలదు. నిజము చెప్పినవానిపై కోపము మాత్రమే కలదు, దానివలన లాభము లేదు.

వదంతియు, వాస్తవమును

రెండవ ప్రమాదము వదంతి. 2020 ఆరంభమున కోడిమాంసము తినినచో కరోనా సోకునను వార్త వాట్సాపున ఊరూర తిరిగినది. దానికి ఆధారము లేదు. ఐనను కోడి ధర కూలిపోయినది. ఫారముల యజమానులు కోళ్లకు మేతవేయుటకే జంకిరి. తుదకు ఫిబ్రవరి 28న హైదరాబాదునందు తెలంగాణ మంత్రులు వేదికమీద బహిరంగముగ కోడిమాంసమును గ్రుడ్లను తిని చూపవలసి వచ్చెను. ఒక అనామకుని నాలుగు పంక్తులు ఒక పరిశ్రమను నేలకు దించినవి. దానిని లేపుటకు మంత్రులు కావలసివచ్చిరి.

ఐదేండ్లకు, 2025 ఫిబ్రవరిలో, మన ప్రాంతమునకు నిజముగనే పక్షిజ్వరము వచ్చినది. పశ్చిమగోదావరి జిల్లాయందును, ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలములోని బాదంపూడియందును కోళ్లు చచ్చినవి. ఈ రెంటికిని భేదము గుర్తింపవలెను. మొదటిది వదంతి, రెండవది వాస్తవము. వదంతిని ఖండింపవలెను; వాస్తవమును ఖండింపరాదు. రోగము వచ్చినపుడు రాలేదని వ్రాసిన వర్తకుని తరువాతి నిజమునుగూడ ఎవరును నమ్మరు. అట్టివేళ ఏ ఊళ్ల నిషేధపరిధిలో నున్నవి, తన సరకు ఎచటనుండి వచ్చుచున్నది, పశువైద్యాధికారులు ఏమి చెప్పినారు, బాగుగ ఉడికించిన మాంసమును గూర్చి వారి యభిప్రాయమేమి అను సంగతులను ప్రతిదినము నిర్ణీతవేళకు తెలుపువాడే తన ఖాతాదారులను నిలుపుకొనును. మౌనమునుండి పుట్టిన ఖాళీని వదంతి నింపును.

చేపల సంగతి ఇంకను ముఖ్యము. కొల్లేటి పరిసరములనుండి మంచుపెట్టెలలో చేపలు లారీలపై వంగదేశమునకు, అస్సామునకు, బీహారునకు పోవుచున్నవి. 2018 జూలైలో, ఆంధ్రప్రదేశునుండి వచ్చిన చేపలలో ఫార్మలిను కనబడినదని అస్సాము ప్రభుత్వము పది దినములపాటు వెలుపలి చేపల దిగుమతిని నిలిపివేసినది. 2019 జనవరిలో బీహారు ప్రభుత్వము పాట్నాయందు ఆంధ్ర చేపల విక్రయమును పదునైదు దినములు నిషేధించినది. ఫార్మలిను శవములు చెడకుండ వాడు ద్రవము. ఆ మాట విన్న గృహిణి చేపను వంటయింటికి రానిచ్చునా? ఏ లారీలో, ఎవరి చేతిలో కలిసినదను విచారణ ముగియకముందే పేరు ఆంధ్రులందరిదియు పోయినది. మందు కలుపనివానికిని నష్టమే. అతడు కలుపలేదని చూపుటకు అతనిచేత కాగితము లేదు.

దీనికి ఉపాయము లేకపోలేదు. కొచ్చినందలి కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు ఫార్మలినును, అమ్మోనియాను కొద్ది నిమిషములలో కనుగొను కాగితపు పరీక్షను 2018 నాటికే సిద్ధపరచిరి. లారీ ఎత్తుటకు ముందు పరీక్షించి, తేదీయు బండి అంకెయు కనబడునట్లు చలనచిత్రము తీసి, కొనువానికి వాట్సాపున పంపుటకు ఎంత శ్రమ? నింద వచ్చినపిమ్మట వాదించుట న్యాయవాది పని. నింద రాకముందు సాక్ష్యము కూర్చుకొనుట వర్తకుని పని. సామాజిక మాధ్యమమున కల నిజమైన ప్రయోజనము ఇదియే. ప్రతిదినము తన పనిని బహిరంగముగ చూపినవానికి, కష్టకాలమున ఆ పాత చిత్రములే సాక్షులగును. నిజము నిలుకడమీద తెలియునందురు. చేప మాత్రము నిలుకడమీద నిలువదు. నిజమును ముందే నిలిపి యుంచవలెను.

కౌలుభూమిలో కొబ్బరితోట

మూడవ ప్రమాదమును భూమి గలవారు సులభముగ గ్రహింపగలరు. కౌలుభూమిలో కొబ్బరితోట వేయువాడుండునా? ఫలము చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును. భూమి యజమాని వచ్చే యేడు పొమ్మనవచ్చును. మన వర్తకులు పలువురు ఈ పనినే చేయుచున్నారు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాకుతో కూడ 59 చైనా యనువర్తనములను నిషేధించినది. ఆ నిర్ణయము మంచిచెడ్డలు వేరు సంగతి. దానియందే తమ ప్రేక్షకులను కూర్చుకొన్నవారి శ్రమ ఒక్కరాత్రిలో అడుగంటినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మూడును ప్రపంచమంతట సుమారు ఆరు గంటలపాటు ఆగిపోయినవి. ఆర్డర్లన్నిటిని వానిమీదనే తీసికొనువారికి ఆ ఆరు గంటలును అంగడి మూసినట్లే.

అందుచేత ఆ వేదికలను వాడుకొనవలెను గాని వానిపై ఇల్లు కట్టరాదు. ఖాతాదారుల పేర్లను, అంకెలను, వారి యనుమతితో తన సొంత పుస్తకమున వ్రాసికొనవలెను. సొంత అంతర్జాలపు చిరునామా యొకటి కొనుక్కొనవలెను. అది రూపొందించిన కుర్రవాని పేరగాక యజమాని పేరనే యుండవలెను. అంగడి పుటకు సంకేతపదము తెలిసినవాడు పని మానిపోయినచో, ఆ దినమే దానిని మార్పవలెను. ఇనుపపెట్టె తాళపుచెవిని పనివాని మొలకు కట్టి పంపువాడు లేడుగదా! ఆర్డరు తీసికొనుటకు కనీసము రెండు దారులుండవలెను. అందొకటి సాదా టెలిఫోను కావలెను.

దొంగలును, శాసనములును

దొంగల సంగతి చెప్పక విడువరాదు. పేరుపడిన అంగడి చిత్రములను దొంగిలించి, అదే పేర వేరొక పుట తెరచి, ముందు సొమ్ము తీసికొని మాయమగువారు కలరు. దీనికి మందు ఒక్కటే: మా నిజమైన అంకె యిది, మరి యే అంకెకును సొమ్ము పంపవలదని అంగడి గోడమీదను, సంచులమీదను, ప్రతి పుటయందును వ్రాయించుట. వర్తకులనే మోసగించువారు మరికొందరు. సొమ్ము చెల్లించితిమని కల్పిత చిత్రమును చూపుదురు. లేక, సొమ్ము మీకు చేరవలెనన్నచో మీ రహస్యసంఖ్య వేయుడందురు. యూపీఐయందు సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య యెన్నడును అక్కరలేదు, ఇచ్చుటకే కావలెను. ఈ ఒక్క వాక్యమును గల్లాపెట్టెమీద అంటింపవలెను. బ్యాంకు ఖాతాలో జమపడినదని చూచినపిమ్మటనే సరకు కదలవలెను. మోసమైనచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అంకెకు తెలుపవలెను. గంటలు గడచినకొలది సొమ్మును ఆపుట కష్టమగును.

శాసనములును మారినవి. 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టమునుబట్టి, మోసపుచ్చు ప్రకటనకు కేంద్రాధికార సంస్థ మొదటి తప్పునకు పది లక్షల రూపాయలవరకు, పిమ్మటి తప్పులకు యాబది లక్షలవరకు జరిమానా విధింపగలదు. సొమ్ము గాని, ఉచితవస్తువు గాని పుచ్చుకొని సరకును పొగడువారు ఆ సంబంధమును ప్రేక్షకులకు తెలుపవలెనని 2022 జూన్‌నాటి నియమావళి చెప్పుచున్నది. బంధువులచేతను, పనివారలచేతను మెప్పుమాటలు వ్రాయించుట మోసమే. అంతర్జాలపు సమీక్షలను సేకరించి ప్రకటించు తీరునకు 2022లో భారతీయ ప్రమాణమొకటి వెలువడినది. మధుమేహము కుదుర్చునని బియ్యమునో, తేనెనో, పొడినో చాటువారు 1954నాటి ఔషధ, అద్భుతచికిత్సల చట్టమును జ్ఞప్తియందుంచుకొనవలెను. మధుమేహము ఆ చట్టపు పట్టికలో నున్న వ్యాధి. ఖాతాదారుల అంకెలను పరులకు అమ్ముకొనుట పూర్వము అమర్యాద. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై శాసనము వచ్చినందున అది చట్టసమస్యయు నైనది.

ఒంటరి వర్తకునకు ఇవన్నియు భారముగ దోచవచ్చును. కావుననే సంఘములు కావలెను. చేపల వర్తకుల సంఘములును, కోళ్లఫారముల సంఘములును, తాడేపల్లిగూడెపు ధాన్యవర్తకులును, ఏలూరు వాణిజ్యమండలులును ప్రత్యేకముగ ఒక్కొక్క అధికారప్రతినిధిని ఏర్పరచుకొనవలెను. వదంతి పుట్టిన గంటలోపల తెలుగునను, హిందీయందును, బెంగాలీయందును ఒకే ప్రకటన వెలువడునట్లు ముందే సిద్ధపడవలెను. బేరగాడు వంగదేశమున నుండగా మనము తెలుగున మాత్రము ఖండించిన నెవరికి వినబడును? సభ్యులలో కల్తీచేసినవాని నొక్కని దాచినచో నూరుగురి పేరు పోవును. అట్టివానిని సంఘమే బయటపెట్టుట క్రూరము కాదు, ఆత్మరక్షణము.

పెట్టుబడి పోయిన వర్తకునకు అప్పు పుట్టును. సరకు తగులబడినవానికి బీమా కలదు. పేరు పోయినవానికి అప్పిచ్చువాడును లేడు, బీమా చేయువాడును లేడు. దానిని సంపాదించుటకు చేతిలోని టెలిఫోను నేడు మునుపెన్నడును లేని సాధనము, పోగొట్టుకొనుటకును అదియే. ప్రకటనకు పెట్టు ప్రతి రూపాయిని ఇచ్చుటకు ముందు వర్తకుడు తన సరకును, తన కాగితములను, తన నాలుకను ఒక్కసారి పరీక్షించుకొనుగాక. ఆ మూడును సరిగా నున్నచో ప్రకటన కొంచెమైనను చాలును; సరిగా లేనిచో ఎంతయైనను చాలదు.